కొండ కింద నక్షత్రం

ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి దానికి మసి పడుతుంది. ఆ మసిని వేలితో తీసి కాస్త నెయ్యి కలిపితే కాటుక. ఆ నలుపు దాదాపు అంతా కార్బనే. ఆముదంలోకి అది మొక్క నుంచి వచ్చింది, మొక్కలోకి గాలి నుంచి వచ్చింది. అలా వెనక్కి నడుస్తూ పోతే భూమి పుట్టకముందే ఆరిపోయిన నక్షత్రాల కడుపులోకి చేరతాం.

‘మనమంతా నక్షత్ర ధూళే’ అన్న మాట ఇప్పుడు టీషర్టుల మీదకు కూడా ఎక్కింది. వినడానికి కవిత్వంలా ఉంటుంది గానీ, దాని వెనక ఉన్నది మొండి లెక్క. ఆ లెక్క తేల్చింది టెలిస్కోపుల దగ్గర కూర్చున్నవాళ్లే కాదు. నేలమాళిగల్లో, సొరంగాల్లో యంత్రాల ముందు కాపు కాసినవాళ్లది అందులో పెద్ద వాటా.

కార్బన్ తయారీలోనే పెద్ద చిక్కుంది. నక్షత్రం నడిబొడ్డున హైడ్రోజన్ మండి హీలియం మిగులుతుంది. రెండు హీలియం కేంద్రకాలు కలిస్తే బెరీలియం-8 అవుతుంది. అయి ఏం లాభం? సెకనును కోటి కోట్ల ముక్కలు చేస్తే, అందులో ఒక్క ముక్కసేపు కూడా అది నిలవదు. విడిపోయేలోపే మూడో హీలియం వచ్చి తగలాలి. పది కోట్ల డిగ్రీల వేడిలో, కిక్కిరిసిన ఎర్ర మహాతారల గర్భంలో అది సాధ్యమేనని ఎడ్విన్ సాల్‌పీటర్ 1950ల తొలినాళ్లలో లెక్క కట్టాడు. ఇంగ్లండుకు చెందిన ఫ్రెడ్ హాయిల్ ఆ లెక్కను మళ్లీ వేసి చూసుకుంటే మరో చిక్కు బయటపడింది. ఆ వేగంతో తయారైన కొద్దిపాటి కార్బన్ కూడా ఇంకో హీలియాన్ని మింగి ఆక్సిజన్‌గా మారిపోతుంది. విశ్వంలో ఇంత కార్బన్ మిగలడానికి వీల్లేదు. కానీ మిగిలింది.

కేంద్రకాలకూ మెట్లుంటాయి. కింది మెట్టు మామూలు స్థితి. శక్తి అందితే పై మెట్టెక్కుతుంది. మూడు హీలియంల మొత్తం శక్తికి కాస్త పైన కార్బన్‌కు ఒక మెట్టుంటే, అదను చూసి తోసిన ఊయలలా ఆ కలయిక ఒక్కసారిగా ఊపందుకుంటుంది. కాబట్టి ఆ మెట్టు ఉండి తీరాలన్నాడు హాయిల్. 1953లో అమెరికాలోని కాల్టెక్‌కు వెళ్లి, అక్కడి కెలాగ్ ప్రయోగశాలలో విలియం ఫౌలర్ బృందం ముందు ఈ మాట పెట్టాడు. ఫౌలర్ మొదట నమ్మలేదు. నక్షత్రాలను చూసి కేంద్రకం గుట్టు చెబుతానంటే ఎవరు మాత్రం నమ్ముతారు? అయినా వార్డ్ వేలింగ్, ఆయన సహచరులు పనికి దిగారు. నైట్రోజన్‌ను డ్యూటెరాన్లతో కొట్టి, బయటికొచ్చిన ఆల్ఫా కణాల శక్తిని కొలిచారు. మెట్టు దొరికింది. ఇప్పటి కొలత ప్రకారం 7.65 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, హాయిల్ చెప్పిన చోటుకు వెంట్రుకవాసి దూరంలో.

జీవం కోసమే ప్రకృతి ఈ మెట్టును అమర్చిందని తర్వాత చాలామంది రాశారు. నాకది అతికించిన మాటలా అనిపిస్తుంది. 1953 నాటి హాయిల్ వాదనలో జీవం ఊసే లేదు, ఉన్నదల్లా కార్బన్ లెక్క. పైగా అమరికే అయితే మహా పిసినారి అమరిక. ఆ మెట్టెక్కిన కేంద్రకాలు పదివేలుంటే దాదాపు నాలుగే స్థిరమైన కార్బన్‌గా కిందికి దిగుతాయి. మిగతావన్నీ మళ్లీ హీలియం ముక్కలే. దీపపు మసి అంతా ఆ నాలుగింటి సంపాదనే.

1957లో బర్బిడ్జ్ దంపతులు, ఫౌలర్, హాయిల్ కలిసి మూలకాల పుట్టుక మీద వంద పేజీలు దాటిన వ్యాసం రాశారు. 1983లో నోబెల్ ఫౌలర్‌కు వచ్చింది, మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌తో కలిపి. హాయిల్‌కు రాలేదు. ఇదేం న్యాయమో!

ఇక సొరంగం సంగతి. సూర్యుడి నడిబొడ్డున వేడి కోటిన్నర డిగ్రీలు. మనకు అది భయంకరం గానీ, ఒకదాన్నొకటి తోసుకునే కేంద్రకాలకు ఏ మూలకూ చాలదు. ఏ కోటికో ఒకటి క్వాంటం చాటు దారిన గోడ దాటి కలుస్తుంది. సూర్యుడి నిండా కేంద్రకాలే కాబట్టి వాటికి లోటు లేదు. ప్రయోగశాలలో అదే కలయికను చూడాలంటే రోజులు, నెలలు ఎదురుచూడాలి. ఈలోగా అంతరిక్షం నుంచి కురిసే కాస్మిక్ కిరణాలు డిటెక్టర్‌లో గోల చేస్తాయి. సంతలో గుసగుస వినబోయినట్టే. అందుకే ఇటలీలోని గ్రాన్ సాసో పర్వతం కిందికి వెళ్లారు. నెత్తిన 1400 మీటర్ల రాయి. అక్కడ కాస్మిక్ కిరణాల మ్యూయాన్లు పదిలక్షల వంతుకు తగ్గుతాయి. లోపలికి దారి హైవే సొరంగంలోంచే.

అక్కడి లూనా బృందం రెండు హీలియం-3 కేంద్రకాల కలయికను సూర్యుడిలో ఉండే శక్తుల దగ్గరే కొలిచింది. అట్టడుగు శక్తి దగ్గర నెలకు దొరికినవి సుమారు రెండు ఘటనలు! దీనికి జీతమిచ్చిన దేశాన్ని మెచ్చుకోవాలి.

నక్షత్రాల్లో కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్‌ల మీదుగా హైడ్రోజన్ మండే మరో దారి ఉంది. అందులో అన్నిటికంటే నెమ్మదైన మజిలీ నైట్రోజన్-14 ఒక ప్రోటాన్‌ను పట్టుకోవడం. అనుకున్న వేగంలో అది సగమేనని 2004లో లూనా తేల్చింది. ఆ ఒక్క సంఖ్య మారేసరికి పాలపుంతలోని ముసలి నక్షత్ర గుచ్ఛాల వయసు 70 నుంచి 100 కోట్ల ఏళ్లు పెరిగింది. 2020లో అదే కొండ కిందున్న బొరెక్సినో డిటెక్టర్, సూర్యుడిలో ఆ దారిన పుట్టిన న్యూట్రినోలను నేరుగా పట్టుకుంది. సూర్యుడి శక్తిలో దాని వాటా ఒక శాతం దగ్గర్లోనే.

బంగారం కథ వేరు. ఇనుము దాటాక కలయిక నుంచి శక్తి రాదు, అంతకంటే బరువైనవి చాలావరకు న్యూట్రాన్లను మింగుతూ పెరగాల్సిందే. నెమ్మదిగా మింగే దారికి సాక్ష్యం 1952లోనే దొరికింది. పాల్ మెరిల్ కొన్ని ఎర్ర నక్షత్రాల వెలుగులో టెక్నీషియం చూశాడు. దాని ఐసోటోపుల్లో ఏదీ స్థిరం కాదు. నక్షత్రంతో పాటు పుట్టినదైతే ఎప్పుడో కరిగిపోయేది, అంటే అక్కడే కొత్తగా తయారవుతోందన్నమాట. ఆత్రంగా మింగే దారిని 2017 ఆగస్టు 17న చూశాం. రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్న జాడ గురుత్వ తరంగాల్లో, ఆ వెంటనే వెలుగులో కనిపించింది. ఆ వెలుగులో స్ట్రాన్షియం గుర్తులను తర్వాత చదివారు.

మన దగ్గరా ఈ పని మొదలైంది. కోల్‌కతాలోని సాహా ఇన్‌స్టిట్యూట్‌లో ఇలాంటి కొలతల కోసమే ఫ్రేనా అనే 30 లక్షల వోల్టుల యాక్సిలరేటర్ పెట్టారు. నక్షత్రాల వెలుగులోంచి వాటి వేడిని చదివే సూత్రం 1920లో ఇచ్చిన మేఘనాథ్ సాహా పేరున్న సంస్థ అది.

అన్నిటికంటే పెద్ద బాకీ మళ్లీ కార్బన్ దగ్గరే ఉంది. కార్బన్ హీలియాన్ని పట్టుకుని ఆక్సిజన్ అయ్యే వేగాన్ని, నక్షత్రంలో ఉండే శక్తి దగ్గర ఇంతవరకు ఎవరూ నేరుగా కొలవలేకపోయారు. హాయిల్‌తో ఆ మెట్టును వెతికించింది ఈ కలయికే. నక్షత్రంలో కార్బన్ ఎంత, ఆక్సిజన్ ఎంత మిగులుతుందో, చివరికి పెద్ద నక్షత్రం న్యూట్రాన్ తార అవుతుందో, కృష్ణబిలం అవుతుందో చెప్పడానికి ఆ సంఖ్య కావాలి. గ్రాన్ సాసో కింద ఇప్పుడు 35 లక్షల వోల్టుల కొత్త యంత్రం ఉంది. పక్క సొరంగంలో లారీలు పోతుంటాయి.