చదరంగంలో జెండా ఎవరిది?

చదరంగం మన గడ్డమీద పుట్టిన ఆట అని మనం గర్వంగా చెప్పుకుంటాం. 2024లో బుడాపెస్ట్ చెస్ ఒలింపియాడ్‌లో ఓపెన్ విభాగంలోనూ, మహిళల విభాగంలోనూ భారతదేశమే స్వర్ణాలు గెలిచినప్పుడు, ఆ జట్లలో హరికృష్ణ, అర్జున్, హారిక పేర్లు చూసి తెలుగువాళ్లం మరీ పొంగిపోయాం. అయితే ఒక దేశం తరఫున ఆడాలంటే అసలు ఏ అర్హత కావాలి? ఆ దేశంలో పుట్టాలా? పాస్‌పోర్టు ఉండాలా? కాపురం ఉంటే చాలా?

ప్రపంచ చదరంగ సమాఖ్య ‘ఫిడే’ 1924లో పారిస్‌లో ఏర్పడింది. ‘మనమంతా ఒకే కుటుంబం’ అన్నది దాని నినాదం. ఆటగాడి పేరు ప్రక్కన కనిపించే జెండా అతని పుట్టిన ఊరిని బట్టి రాదు. అతను ఏ దేశపు సమాఖ్యలో నమోదయ్యాడో దాన్ని బట్టి వస్తుంది. ఒకేసారి రెండు దేశాలకు ఆడడానికి వీల్లేదు. పౌరసత్వం ఉన్న దేశానికి ఆడవచ్చు. అది లేకపోయినా, నిజంగా స్థిరనివాసం ఉన్న దేశానికీ ఆడవచ్చు.

సమాఖ్య మారాలంటే మాత్రం రుసుం కట్టాలి. ఆటగాడి రేటింగు పెరిగేకొద్దీ రుసుమూ పెరుగుతుంది. పాత సమాఖ్యకు పరిహారం ముట్టకపోతే కొత్త దేశం తరఫున అధికారిక పోటీలకు కొంతకాలం ఆగవలసి వస్తుంది. ఇదేమి బేరం అనిపించవచ్చు. కాని రైతుల ఇళ్లలో పుట్టిన మాకిది కొత్త కాదు. నారుమడి పోసి, నీళ్లు కట్టి, చీడ పట్టకుండా కాచినవాడు ఒకడు. దాన్ని తన పొలంలో నాటుకునేవాడు వేరొకడైతే, నారు ఖరీదు ఇవ్వనిదే కట్టలు గట్టు దాటవు.

చరిత్ర చూస్తే ఈ జెండా ముడి ఎంత చిక్కైనదో తెలుస్తుంది. పంజాబులో పుట్టిన మీర్ సుల్తాన్‌ఖాన్ 1929, 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్. 1930, 1931, 1933 ఒలింపియాడ్‌లలో ఇంగ్లండు తరఫున ఆడాడు. మన దేశం అప్పటికి పరాధీనం; తనదంటూ ఒక జెండా కోరుకునే వీలే అతనికి లేదు. తర్వాత స్వస్థలానికి వచ్చి వ్యవసాయం చేసుకుంటూ బ్రతికాడు. ఫిడే అతనికి గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది 2024లో, అతను చనిపోయిన 58 ఏళ్లకు!

విక్టర్ కోర్చ్‌నోయ్ 1976లో సోవియట్ దేశాన్ని విడిచాడు. 1978లో బాగియోలో కార్పోవ్‌తో ప్రపంచ టైటిల్‌కు తలపడినప్పుడు స్విస్ జెండా పెట్టమన్నాడు. సోవియట్ పక్షం ఒప్పుకోలేదు. చివరికి బల్లమీద ఎవరి జెండా లేకుండానే ఆడారు. తమాషా ఏమిటంటే, అదే సంవత్సరం బ్యూనస్ ఎయిరెస్ ఒలింపియాడ్‌లో ఆయన స్విట్జర్లాండు మొదటి బోర్డు ఆటగాడు! ఆ దేశపు పౌరసత్వం వచ్చింది ఎన్నో ఏళ్ల తర్వాత. 2019లో ఇరాన్ కుర్రవాడు అలీరెజా ఫిరూజా సొంత జెండా వదిలి ఫిడే జెండాకింద ఆడాడు. 2021లో ఫ్రాన్సు ఆటగాడయ్యాడు.

మనలాంటి విద్యార్థి ఒకడి సంగతి కూడా చెప్పాలి. ఫిలిప్పీన్స్ ఆటగాడు వెస్లీ సో 2012లో అమెరికాలోని వెబ్‌స్టర్ విశ్వవిద్యాలయంలో చేరాడు. 2014లో సమాఖ్య మారాడు. 2016లో బాకూ ఒలింపియాడ్‌లో స్వర్ణం గెలిచిన అమెరికా జట్టులో ఉన్నాడు. కాని అమెరికా పౌరుడైంది 2021లో!

మరి మన దేశంలో? జాతీయ జట్లలో భారత పౌరులే ఆడాలని కేంద్రప్రభుత్వం 2008లో నిర్ణయించింది. 2010లో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. దాని ప్రకారం అమెరికాలో పుట్టి అక్కడి పాస్‌పోర్టు ఉన్న తెలుగు కుర్రాడు హైదరాబాదు వచ్చి స్థిరపడినా, ఆ పాస్‌పోర్టుతో మన జట్టులోకి రాలేడు. ఫిడే తలుపు తీసినా మన గడపలో ఇంకొక తలుపు ఉందన్నమాట.

నిబంధన ఉండవలసిందే. లేకపోతే ధనిక దేశాలు పేద దేశాల నారంతా పీక్కుపోతాయి. కాని ఆ ఖరీదు కొనుక్కునే సమాఖ్య కట్టాలి గాని ఆటగాడి జేబులోంచి రాకూడదు. ప్రాణభయంతోనో, ఆడనివ్వకపోవడం వల్లనో దేశం విడిచినవాడిని రుసుం పేరుతో గాని, గడువు పేరుతో గాని ఆపడం న్యాయం కాదు. మొక్కకు నీళ్లు పెట్టినవాడి శ్రమకు విలువ కట్టవచ్చు. మొక్క ఎదుగుదలను ఆపే హక్కు మాత్రం ఎవరికీ లేదు. ‘మనమంతా ఒకే కుటుంబం’ అన్న మాటకు అప్పుడే అర్థం ఉంటుంది.