నీటి వెంట, మట్టి వెంట వ్యాపించే వేరు తెగుళ్ళు

నిజాంసాగర్: మంజీరా నదిపై 1923-31 మధ్య నిర్మితమైన నిజాంసాగర్ ప్రాజెక్టు కాలువల కింద వరి ప్రధాన పంట. కామారెడ్డి జిల్లాలోనే మద్నూర్, జుక్కల్ మండలాల నల్లరేగడి భూములలో సోయాచిక్కుడు, కంది, శనగ విస్తారంగా సాగవుతున్నాయి. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలోని ఆర్మూర్, బాల్కొండ ప్రాంతాలు పసుపుకు ప్రసిద్ధి. ఈ పంటలను నేలలోని తెగుళ్ళు ఆశించే తీరు ఒక్కటి కాదు. పసుపుకు నీరు ఎక్కువైతే ముప్పు, శనగకు తేమ తక్కువైతే ముప్పు.

పసుపులో దుంపకుళ్ళుకు ప్రధాన కారణం పిథియం అనే సూక్ష్మజీవి. నీరు నిలిచిన మడిలో దీని బీజాలు ఈదుతూ పక్క మొక్క వేర్లకు చేరుతాయి. మురుగునీరు దిగువ మడిలోకి పారితే తెగులు కూడా దానితో పాటే పారుతుంది. విత్తన దుంపల ద్వారా మరుసటి ఏడాదికి, మరో గ్రామానికి కూడా చేరుతుంది. కింది ఆకులు అంచుల నుండి పసుపు రంగుకు మారినప్పుడు దానిని పోషక లోపంగా భావించి యూరియా వేయడం కద్దు. మొక్కను లాగినప్పుడు కాండం తేలికగా ఊడివచ్చి, దుంప మెత్తబడి దుర్వాసన వస్తుంటే అది దుంపకుళ్ళే.

శనగలో రెండు తెగుళ్ళను వేరుచేసి గుర్తించవలసి ఉన్నది. ఫ్యుజేరియం వలన వచ్చే ఎండు తెగులులో వేరు పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది, కాండాన్ని నిలువుగా చీల్చితే లోపల గోధుమ లేక నలుపు చార ఉంటుంది. ఈ శిలీంధ్రం శనగ వేయకపోయినా నేలలో ఆరేళ్ళ వరకు జీవించగలదు కనుక ఒక్క ఏడాది పంట మార్పిడి చాలదు. 1999లో విడుదలైన జె.జి.11 రకం ఎండు తెగులును తట్టుకుంటుంది. ఎండు వేరుకుళ్ళులో మాత్రం తల్లివేరు పెళుసుబారి తేలికగా విరిగిపోతుంది, పిల్లవేర్లు రాలిపోతాయి. పూత, కాయ దశలో బెట్ట, 30 డిగ్రీలకు మించిన ఎండ తోడైతే ఇది ఉధృతమవుతుంది. దీనికి కారణమైన శిలీంధ్రమే సోయాచిక్కుడులో బొగ్గుకుళ్ళును కలిగిస్తుంది. వానాకాలం సోయా, యాసంగి శనగ అనే ఈ ప్రాంతపు అలవాటు శిలీంధ్రానికి ఏటా రెండుసార్లు ఆహారం అందిస్తున్నదన్నమాట.

తెగులు కనిపించిన తరువాత ఆకులపై మందు పిచికారీ చేయడం వలన ప్రయోజనం స్వల్పం. కిలో శనగ విత్తనానికి 8-10 గ్రాముల ట్రైకోడెర్మా విరిడితో విత్తనశుద్ధి, పసుపు మళ్ళకు మురుగు కాలువలు, తెగులు లేని చేల నుండే విత్తన దుంపల సేకరణ విత్తుకు ముందే జరగాలి. అద్దె ట్రాక్టరు ఒక చేను నుండి మరో చేనులోకి వెళ్ళేముందు నాగళ్ళకు, చక్రాలకు అంటిన మట్టిని కడగడం ఖర్చులేని పని, అయినా ఎక్కువగా విస్మరణకు గురవుతున్నది కూడా ఇదే.