పాస్‌పోర్ట్‌లో గుండు.. కౌంటర్ ముందు రెండు జడలు!

"ఈ ఫొటోలో ఉన్నదెవరు?"

ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్ నవ్వుతూనే అడిగాడు, ఇంగ్లిష్‌లో. నేను తెలుగులో మళ్లీ అడిగి, నాలుగున్నరేళ్ల మా పాపని ఎత్తుకుని కౌంటర్ అంచుదాకా వంచాను. పాప పాస్‌పోర్ట్ వంక చూసింది. నున్నటి గుండు, బూరెల్లాంటి బుగ్గలు, ఎటో చూస్తున్న కళ్లు. ఏమాత్రం తడుముకోకుండా "తమ్ముడు!" అంది.

పాపకి తమ్ముడు లేడు.

"ఏమంటోంది?" అన్నాడాయన. నేను ఏదో సర్దిచెప్పేలోపే మా ఆయన నిజాయితీగా "బ్రదర్ అంటోంది సార్" అని చెప్పేశాడు. ఆఫీసర్ మొహంలో నవ్వు మాయమైంది. మా ముగ్గురి పాస్‌పోర్టులూ పక్కన పెట్టుకుని, వెనకున్న కుర్చీలు చూపించాడు.

అది ఏ దేశమో, ఏ ఎయిర్‌పోర్టో ఇక్కడ అనవసరం. ఎక్కడైనా జరిగేదే. ఆ కుర్చీల్లో నలభై నిమిషాలు కూర్చున్నాం. కనెక్టింగ్ ఫ్లైట్‌కి గంటన్నర టైముంది. చుట్టూ ఉన్నవాళ్లు మమ్మల్ని పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లని చూసినట్టు చూస్తున్నారని నా అనుమానం. ఎవరూ చూడలేదేమో కూడా.

అసలు ఆ ఫొటో కథ చెప్పాలి. తొమ్మిదో నెలలో తిరుమల వెళ్లి పాప పుట్టువెంట్రుకలు తీయించాం. మూడు వారాలు తిరక్కుండానే విదేశంలో ఉన్న మా ఆడపడుచు దగ్గరికి వెళ్దామని పాస్‌పోర్ట్‌కి అప్లై చేశాం. నాలుగేళ్లలోపు పిల్లలకి తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో ఫొటో తీయించి మనమే పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి పట్టుకెళ్లాలి. మా వీధి చివరి స్టూడియో ఆయన మంచం మీద తెల్ల దుప్పటి పరిచి, దాని మీద పాపని పడుకోబెట్టి, పైనుంచి తీశాడు. అంతకుముందు అమ్మమ్మ పెట్టిన దిష్టిచుక్కని తడిగుడ్డతో తుడిపించాడు. అమ్మమ్మకి అదొక కోపం. తీరా ఆ ప్రయాణం వాయిదా పడింది. పాస్‌పోర్ట్ బీరువాలోకి వెళ్లింది. పాపకి జుట్టొచ్చింది, పళ్లొచ్చాయి, మాటలొచ్చాయి. పాస్‌పోర్ట్‌లోని పాప మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇంతకీ ఆ పాస్‌పోర్ట్ చెల్లుతుందా? నూటికి నూరుపాళ్లు చెల్లుతుంది. మన దేశంలో పెద్దవాళ్ల పాస్‌పోర్ట్ పదేళ్లు, పిల్లలదైతే ఐదేళ్లు. ఆ ఐదేళ్లు పెట్టిందే పిల్లల ముఖాలు తొందరగా మారతాయని. అమెరికాలో 16 ఏళ్లలోపు పిల్లలకీ, బ్రిటన్‌లో 16 ఏళ్లలోపు పిల్లలకీ ఇదే ఐదేళ్ల లెక్క. వయసుతో సహజంగా వచ్చే మార్పు కోసం పిల్లలకి కొత్త పాస్‌పోర్ట్ తీసుకోనక్కర్లేదని అమెరికా విదేశాంగ శాఖ స్పష్టంగానే చెబుతోంది. బ్రిటన్ అయితే ఏడాదిలోపు పాపాయి ఫొటోలో కళ్లు తెరిచి ఉండకపోయినా ఒప్పుకుంటుంది. అంటే ఆ ఫొటోతో మనిషిని పోల్చడం కష్టమని వాళ్లకీ ముందే తెలుసు.

రూల్ మన పక్షాన ఉందని తెలిసినా కుర్చీలో కూర్చున్నప్పుడు గుండె దడ తగ్గదు. ఎందుకంటే చెల్లే పాస్‌పోర్ట్ ఉండటం వేరు, ఆ పాస్‌పోర్ట్ ఈ పాపదేనని ఎదుటి మనిషిని నమ్మించడం వేరు.

పెద్దవాళ్ల ముఖాలకే దిక్కులేదు!

ముఖాన్ని ఫొటోతో పోల్చడం ఆఫీసర్లకి చిటికెలో పని అనుకుంటాం. కాదట. ఆస్ట్రేలియా పాస్‌పోర్ట్ అధికారుల మీద పరిశోధకులు ఓ పరీక్ష పెట్టి, 2014లో ఫలితాలు ప్రచురించారు. ఎదురుగా నిలబడ్డ మనిషి, స్క్రీన్ మీద ఫొటో. ఇద్దరూ ఒకరేనా కాదా చెప్పాలి. వేరేవాళ్ల ఫొటో చూపించినప్పుడు 14 శాతం సార్లు అధికారులు 'ఇతనే' అనేశారు. ఎన్నేళ్ల సర్వీసు ఉన్నా తేడా లేదు. మరో పరీక్షలో వాళ్లు మామూలు కాలేజీ విద్యార్థుల కంటే మెరుగ్గా ఏమీ చేయలేదు. అదీ పెద్దవాళ్ల ముఖాలతో. ఇక పది నెలల గుండుకీ, నాలుగున్నరేళ్ల రెండు జడలకీ పోలిక పట్టమంటే పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు?

మెషీన్లయినా నయమా అంటే, పిల్లల దగ్గరికొచ్చేసరికి అవీ తడబడుతున్నాయి. ముఖాల్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్లని పరీక్షించే అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్, 2019 నివేదికలో ఓ సంగతి చెప్పింది. పిల్లలు, వృద్ధుల విషయంలో ఒకరిని ఇంకొకరుగా పొరబడటం ఎక్కువని. వేలిముద్రలతో తేల్చేద్దామా అంటే చిన్న పిల్లల దగ్గర అవీ తీసుకోరు. మన ఆధార్ సంగతే చూడండి. ఐదేళ్లలోపు పిల్లలకి ఫొటో ఒక్కటే. ఐదేళ్లు నిండాక వేలిముద్రలు, కనుపాప ఇవ్వాలి, 15 నిండాక మళ్లీ ఇవ్వాలి. యూరప్‌లో 2025 అక్టోబర్‌లో మొదలైన కొత్త ఎంట్రీ-ఎగ్జిట్ పద్ధతిలోనూ 12 ఏళ్లలోపు పిల్లలకి వేలిముద్రలు లేవు, ముఖం ఫొటో మాత్రమే. మొత్తానికి భారమంతా ఆ ఒక్క ఫొటో మీదే.

అందుకే అనుభవం ఉన్న ఆఫీసర్ ఫొటో దగ్గర ఆగిపోడు. పిల్ల ఎవరి చెయ్యి పట్టుకుంది, భయపడితే ఎవరి వెనక దాక్కుంది, పేరు పిలిస్తే పలుకుతుందా.. ఇవి చూస్తాడు. మా దగ్గరికి కాసేపటికి ఒక లేడీ ఆఫీసర్ వచ్చారు. పాప ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, బ్యాగుకి వేలాడుతున్న కుందేలు బొమ్మ పేరేంటని అడిగారు. మాకు మాట్లాడొద్దని సైగ చేశారు. పాపకి ఇంగ్లిష్ అంతంతమాత్రం. కుందేలుని చూపించి 'బుజ్జి' అంది. నన్ను చూపించి 'అమ్మ', వాళ్ల నాన్నని చూపించి 'నాన్న' అంది. ఈ రెండు మాటలకీ అనువాదం అడగలేదావిడ.

తర్వాత ఫోన్‌లో పాత ఫొటోలున్నాయా అన్నారు. వేలకి వేలున్నాయి. కానీ అన్నీ క్లౌడ్‌లో! రోమింగ్ ప్యాక్ ఇంకా ఆన్ కాలేదు. ఎయిర్‌పోర్ట్ వైఫైకి ఓటీపీ కావాలి, ఓటీపీ రావాలంటే సిగ్నల్ కావాలి. గ్యాలరీలో గీతలు తిరుగుతున్నాయి తప్ప పాప కనిపించదు. చివరికి మా ఆయన ఫోన్‌లో, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో డౌన్‌లోడ్ అయి ఉన్న ఫొటోలు కాపాడాయి. కల్యాణకట్ట బయట గుండు మీద గంధంతో పాప. మొదటి పుట్టినరోజున అరంగుళం జుట్టుతో. రెండో ఏట కొబ్బరిచెట్టు పిలకతో. ఆవిడ ఒక్కో ఫొటో జరుపుతూ, పాపని చూస్తూ, మళ్లీ ఫొటో చూస్తూ.. పిలక దగ్గర నవ్వేశారు. స్టాంపు పడింది.

ఆ రోజు మాత్రం నాకు ఒళ్లు మండిపోయింది. మా పిల్ల మాదేనని నిరూపించుకోవాలా అని విమానంలో కూర్చున్నాక కూడా గొణుగుతూనే ఉన్నాను. మా ఆయన ఒక్కటే మాట అన్నాడు. "రేపు ఎవడో పాపని ఎత్తుకెళ్లి ఇలాంటి కౌంటర్ ముందు నిలబడితే, వాణ్ని ఎన్ని నిమిషాలు కూర్చోబెట్టాలంటావ్?" నేను గొణగడం ఆపేశాను.

వీసా ఇంకా పెద్ద కథ

పాస్‌పోర్ట్ ఐదేళ్లకి మారుతుంది కాబట్టి సరే. అమెరికా టూరిస్ట్ వీసా మనవాళ్లకి పదేళ్ల దాకా ఇస్తారు. ఆర్నెల్ల పాపాయికి పడిన స్టిక్కర్ మీద ఫొటో పదిన్నరేళ్ల పిల్లాడయ్యే దాకా అదే. మధ్యలో పాస్‌పోర్ట్ గడువు అయిపోయినా ఆ వీసా చెల్లుతుంది. పాతదీ కొత్తదీ రెండూ పట్టుకెళ్లాలంతే. పాతది క్యాన్సిల్ అయిందని ఊళ్లో వదిలేసి వెళ్తే మాత్రం ఎయిర్‌లైన్ కౌంటర్ దగ్గరే ఆగిపోతారు. సరైన కాగితాలు లేని ప్రయాణికుణ్ని తీసుకెళ్తే చాలా దేశాలు ఎయిర్‌లైన్‌కే జరిమానా వేస్తాయి. అందుకే ఇమ్మిగ్రేషన్ కంటే ముందు వాళ్లే మనల్ని ఎక్కువ పరీక్షగా చూస్తారు.

అక్కడ పుట్టి సెలవులకి ఇక్కడికి వచ్చే మన పిల్లల ఓసీఐ కార్డుదీ ఇదే తీరు. ఒకప్పుడు పాస్‌పోర్ట్ మారినప్పుడల్లా కార్డు కూడా మార్చాల్సొచ్చేది. 2021లో ఆ తిప్పలు తగ్గించారు. 20 ఏళ్లు దాటాక తీసుకునే కొత్త పాస్‌పోర్ట్‌తో ఒక్కసారి మారిస్తే చాలు. ఆలోపు పాస్‌పోర్ట్ మారిన ప్రతిసారీ దాని కాపీ, కొత్త ఫొటో మూడు నెలల్లోపు ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేయాలి. సదుపాయం బాగానే ఉంది కానీ, నూనూగు మీసాల కుర్రాడు పాలబుగ్గల కార్డు చూపించి శంషాబాద్‌లో దిగుతాడన్నమాట. అప్‌లోడ్ చేసినట్టు వచ్చిన మెసేజ్ ఫోన్‌లో ఉంచుకోవడం మంచిది.

మరి ఫొటో మరీ పాతదైతే ముందే మార్చుకోవచ్చా? మార్చుకోవచ్చు. మన రీ-ఇష్యూ అప్లికేషన్‌లో రూపం మారిందన్న కారణం కూడా ఉంది. పిల్లల 36 పేజీల పాస్‌పోర్ట్‌కి రూ.1000, తత్కాల్ అయితే ఇంకో రూ.2000. ఇద్దరు తల్లిదండ్రులూ సంతకం చేసిన అనెక్సర్ డి ఎలాగూ కావాలి. కానీ తొందరపడకండి. టికెట్, ఈ-వీసా పాత నంబరుతో తీసుకుని ఉంటే కొత్త నంబరుతో అవన్నీ మళ్లీ మొదటికొస్తాయి. నా లెక్కలో, గడువు ఇంకా రెండు మూడేళ్లుంటే దాన్నలా వదిలేయడమే మేలు. ఏడాదిలోపే ఉంటే ఆలోచించక్కర్లేదు, మార్చేయండి. సింగపూర్, మలేషియా, దుబాయ్ లాంటి చోట్లకి కనీసం ఆర్నెల్ల గడువు మిగిలి ఉండాలి కాబట్టి, పిల్లల ఐదేళ్ల పాస్‌పోర్ట్ నిజానికి పనికొచ్చేది నాలుగున్నరేళ్లే.

ఇప్పుడు మేం ప్రయాణానికి ముందు చేసేది చాలా చిన్న పని. ఆర్నెల్లకొకటి చొప్పున పాప ఫొటోలు ఏరి, ఫోన్‌లో ఆఫ్‌లైన్ ఫోల్డర్‌లో పెడతాం. అందులో ఒకటి రెండు మాతో కలిసి ఉన్నవి. బర్త్ సర్టిఫికెట్ కాపీ కాగితం మీదే, బ్యాగులో. నా పాస్‌పోర్ట్‌లో పుట్టింటివాళ్ల ఇంటిపేరే ఉంది, పాపది వాళ్ల నాన్నది. మన పాస్‌పోర్ట్‌లో చివరి పేజీలో అమ్మానాన్నల పేర్లుంటాయి కాబట్టి గట్టెక్కుతాం. అమెరికా పాస్‌పోర్ట్‌లో ఆ పేజీ లేదు, అక్కడి పిల్లలతో వచ్చే అమ్మలకి బర్త్ సర్టిఫికెట్ మరీ అవసరం. ఒక్కరే పిల్లల్ని తీసుకెళ్తుంటే రెండోవాళ్ల నుంచి అనుమతి లేఖ కూడా పెట్టుకోండి. కెనడా అయితే వెంట తెచ్చుకోమని సలహా ఇస్తోంది.

ఇంకోటి, మేం చేయనిది. పాస్‌పోర్ట్ ఒకసారి పాపకి చూపించి ఉండాల్సింది. 'ఇది నువ్వే, అప్పుడు గుండు చేయించాం' అని చెప్పి ఉంటే ఆ తమ్ముడు పుట్టేవాడే కాదు. జవాబులు బట్టీ పట్టించమనడం లేదు, అలాంటి పిల్లల్ని చూస్తే ఆఫీసర్లకి అనుమానం ఇంకా పెరుగుతుంది.

తిరిగొచ్చాక కొన్నాళ్లకి పాప పాస్‌పోర్ట్ గడువు దగ్గరపడింది. నాలుగేళ్లు దాటింది కాబట్టి ఈసారి సేవా కేంద్రంలోనే కెమెరా ముందు కూర్చోబెట్టారు. ముందరి పన్ను ఊడిన మర్నాడు. నోరు మూసుకోమంటే నవ్వు, నవ్వొద్దంటే ఇంకా నవ్వు. నాలుగోసారికి కుదిరింది. పోస్ట్‌లో కొత్త పాస్‌పోర్ట్ వచ్చిన రోజు కవరు తనే చించి, ఫొటో మీద వేలు పెట్టి "ఇది నేను" అంది గర్వంగా. హమ్మయ్య అనుకున్నాను.

తర్వాత బీరువాలోంచి క్యాన్సిల్ అయిన పాత పాస్‌పోర్ట్ తీసి అడిగింది.. "మరి తమ్ముడికి కొత్తది రాలేదేంటమ్మా?"