పల్లెకు వెళ్లిన వైద్యులకే పట్టం
రాయవేలూరు వైద్య కళాశాల కొలమానమే వేరు

కళాశాలలు తమ పూర్వ విద్యార్థులను పిలిచి సత్కరించడం దేశంలో కొత్త సంప్రదాయమేమీ కాదు. ఐఐటీలు ఏటా విశిష్ట పూర్వ విద్యార్థి పురస్కారాలు ప్రకటిస్తుంటాయి. పరిశ్రమల అధిపతులు, శాస్త్రవేత్తలు, ఆచార్యులు, ఉన్నతాధికారులు ఆ జాబితాల్లో ఎక్కువగా కనిపిస్తారు. బాపట్లకు చెందిన పారిశ్రామికవేత్త కృష్ణా చివుకుల 2015లో మద్రాసు ఐఐటీ నుంచి ఈ గౌరవం పొందారు. 2024లో ఆయన అదే సంస్థకు 228 కోట్ల రూపాయల విరాళం ఇచ్చారు. చదువు చెప్పిన సంస్థ రుణం తీర్చుకునే మార్గాల్లో ఇదొకటి.

తమిళనాడులోని వేలూరు క్రిస్టియన్ మెడికల్ కళాశాల (సీఎంసీ) అనుసరించే మార్గం ఇందుకు కొంత భిన్నమైనది. తెలుగువారు రాయవేలూరుగా పిలుచుకునే ఈ పట్టణం చిత్తూరుకు కూతవేటు దూరంలోనే ఉంది. కాట్పాడి స్టేషన్‌లో రైలు దిగి సీఎంసీ ఆసుపత్రికి వెళ్లే రోగుల్లో తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. అక్కడి నిపుణుల ఖ్యాతి వారికి తెలిసిందే. అయితే ఆ కళాశాల తన పూర్వ విద్యార్థులకు ఇచ్చే పాల్ హారిసన్ పురస్కారం గురించి తెలిసినవారు తక్కువ. వైద్యుడు దొరకని గ్రామీణ, మారుమూల ప్రాంతాల్లో ఏళ్ల తరబడి పనిచేసిన వారి కోసం ఉద్దేశించిన పురస్కారమిది.

పరిశోధకులకు అక్కడ కొరత ఉందని కాదు. బ్రిటన్ రాయల్ సొసైటీ ఫెలోషిప్‌కు 2019లో ఎన్నికై, ఆ గౌరవం పొందిన తొలి భారతీయ మహిళగా నిలిచిన గగన్‌దీప్ కాంగ్ ఈ కళాశాలలో చదివినవారే. 1954లో జరిగిన కారు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడిపోయినా, చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిన మేరీ వర్గీస్ కూడా ఇక్కడి పట్టభద్రురాలే. దేశంలో వికలాంగుల పునరావాస వైద్యానికి బాట వేసిన ఆమెకు 1972లో పద్మశ్రీ లభించింది. ఇంతటి వారు ఉన్న చోట పల్లె వైద్యుడికి వేరుగా ఒక పీట వేయడమే విశేషం.

జామ్‌ఖేడ్ ప్రయోగం

ఈ పురస్కారం అందుకున్న వారిలో మహారాష్ట్రకు చెందిన రజనీకాంత్ ఆరోలే, మేబెల్ ఆరోలే దంపతులు ముందువరుసలో ఉంటారు. వేలూరులో సహాధ్యాయులైన వీరిద్దరూ 1960లో వివాహం చేసుకున్నారు. జీవితమంతా గ్రామీణులకే వైద్యం చేయాలన్నది అప్పుడు వారు తీసుకున్న నిర్ణయం. అహ్మద్‌నగర్ జిల్లా వడాలాలోని ఆసుపత్రిలో చేసిన సేవకు 1966లో కళాశాల వారిని గౌరవించింది. తర్వాత అమెరికా వెళ్లి ఉన్నత శిక్షణ పొందారు. అక్కడే స్థిరపడే అవకాశం ఉన్నా తిరిగి వచ్చి, 1970లో అదే జిల్లాలోని కరవు ప్రాంతమైన జామ్‌ఖేడ్‌లో సమగ్ర గ్రామీణ ఆరోగ్య పథకాన్ని ప్రారంభించారు.

అక్కడ వారికి ఎదురైన మొదటి పాఠం వైద్య గ్రంథాల్లో లేనిది. మందుల కన్నా ముందు తాగునీరు, తిండి కావాలని గ్రామస్తులు చెప్పారు. దాంతో డాక్టర్లు గొట్టపు బావులు తవ్వించే పని, పిల్లలకు భోజనం పెట్టే పని చేపట్టారు. పట్నంలో శిక్షణ పొందిన నర్సులు పల్లెల్లో నిలవడం లేదని గ్రహించి, ఆ గ్రామాల మహిళలనే ఆరోగ్య కార్యకర్తలుగా తయారు చేశారు. వారిలో చాలామంది నిరక్షరాస్యులు, దళితులు. వారం వారం జామ్‌ఖేడ్ వచ్చి నేర్చుకునేవారు. తిరిగి వెళ్లి కాన్పులు చేసేవారు, శిశువులను తూచేవారు, విరేచనాలు పట్టుకున్న పిల్లలకు ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు పట్టేవారు. అంటరానివారని ఊరి బావి దగ్గరకు రానివ్వని మహిళ చేతి మీదుగానే అగ్రవర్ణాల ఇంట బిడ్డ భూమి మీద పడటం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

పథకం ఆరంభమైన నాడు ఆ గ్రామాల్లో ప్రతి వెయ్యి మంది శిశువుల్లో 176 మంది ఏడాది నిండకుండానే మరణించేవారు. 1990ల చివరికి ఆ సంఖ్య 30 లోపునకు దిగింది. 1979లో ఆరోలే దంపతులకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1975లో ప్రచురించిన గ్రంథంలో జామ్‌ఖేడ్ అనుభవానికి చోటు దక్కింది. మేబెల్ 1999లోనూ, రజనీకాంత్ 2011లోనూ కన్నుమూశారు.

సత్కారం తర్వాత జైలు

2004లో ఈ పురస్కారం పొందిన డాక్టర్ బినాయక్ సేన్ కథ ఇంత సాఫీగా సాగలేదు. వేలూరులో వైద్యవిద్య, పిల్లల వైద్యంలో పైచదువు ముగించిన ఆయన 1980లలో నేటి ఛత్తీస్‌గఢ్‌లోని దల్లీ రాజహరా ఇనుప గనుల ప్రాంతానికి చేరుకున్నారు. కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగి నేతృత్వంలో గని కార్మికులు సొంత చందాలతో కట్టుకున్న షహీద్ ఆసుపత్రిలో పనిచేశారు. తర్వాత రాయపూర్ కేంద్రంగా ఆదివాసీ గ్రామాల్లో వైద్య సేవలు కొనసాగించారు. పౌరహక్కుల సంఘం బాధ్యతలు కూడా స్వీకరించారు.

మావోయిస్టులకు సహకరించారన్న అభియోగంపై 2007 మే 14న పోలీసులు ఆయనను అరెస్టు చేశారు. జైలులో ఉన్న కారణంగా 2008లో అమెరికాలో ప్రకటించిన జోనాథన్ మాన్ పురస్కారాన్ని స్వయంగా అందుకోలేకపోయారు. ఆయన విడుదల కోరుతూ 22 మంది నోబెల్ గ్రహీతలు ప్రభుత్వానికి లేఖ రాశారు. 2009 మేలో సుప్రీంకోర్టు బెయిలు మంజూరు చేసింది. 2010 డిసెంబర్ 24న రాయపూర్ సెషన్స్ కోర్టు రాజద్రోహ నేరం కింద యావజ్జీవ శిక్ష విధించగా, 2011 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు మరోసారి బెయిలు ఇచ్చింది. గాంధీ రచన దగ్గర ఉంచుకున్నంత మాత్రాన ఎవరూ గాంధేయవాది కానట్లే, మావోయిస్టు సాహిత్యం దొరికినంత మాత్రాన మావోయిస్టు కాడని ఆ సందర్భంగా ధర్మాసనం వ్యాఖ్యానించింది. జైలులో ఉన్న కాలంలో గుండె జబ్బుకు చికిత్స కోసం సేన్ కోరుకున్నది తాను చదివిన వేలూరు ఆసుపత్రినే.

ఎంపిక పద్ధతిపై వివాదం

ఇలాంటి వైద్యులు యాదృచ్ఛికంగా తయారైనవారు కారు. పురుష వైద్యుడిని ఇంట్లోకి రానివ్వని కట్టుబాటు వల్ల ఒకే రాత్రి ముగ్గురు గర్భిణులు ప్రాణాలు కోల్పోవడం చూసి చలించిన ఐడా స్కడర్, అమెరికాలో వైద్యం చదివి 1900లో వేలూరు తిరిగి వచ్చారు. 1918లో ఆమె మహిళల కోసం ప్రారంభించిన వైద్య పాఠశాలే నేటి కళాశాల. 1947 నుంచి పురుషులకూ ప్రవేశం కల్పించారు. దేశవ్యాప్తంగా ఉన్న చర్చిలు, మిషన్ ఆసుపత్రులు ప్రతిపాదించిన అభ్యర్థులకు సీట్లలో పెద్ద భాగం కేటాయించడం, చదువు పూర్తయ్యాక వారు రెండేళ్లు ఆ ఆసుపత్రుల్లో పనిచేయాలని షరతు పెట్టడం ఇక్కడి ఆనవాయితీ. ప్రవేశ పరీక్షతో పాటు రోజుల తరబడి ముఖాముఖి పరీక్షలు నిర్వహించి, పల్లెలో నిలవగలరా లేదా అన్నది కూడా అంచనా వేసేవారు. ఎంబీబీఎస్ ట్యూషన్ ఫీజు ఏళ్ల తరబడి ఏడాదికి 3,000 రూపాయల స్థాయిలోనే ఉండేది. లక్షలు అప్పు చేసి చదివిన వైద్యుడు పల్లెకు వెళ్లమంటే వెళ్లగలడా అన్న ప్రశ్నకు ఈ అంకెలోనే కొంత సమాధానం ఉంది.

జాతీయ అర్హత ప్రవేశ పరీక్ష (నీట్) తప్పనిసరి కావడంతో ఈ పద్ధతికి చిక్కు వచ్చి పడింది. ర్యాంకుల ఆధారంగా ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారానే సీట్లు భర్తీ చేస్తే తమ ఎంపికకు అర్థం ఉండదని వాదించిన కళాశాల, 2017లో 100 ఎంబీబీఎస్ సీట్లకు గాను ఒకే ఒక్క విద్యార్థిని చేర్చుకుంది. అన్ని సీట్లు ఖాళీగా ఉంచడం సమంజసమా అన్న విమర్శలూ అప్పుడు వచ్చాయి. డబ్బుకు సీట్లు అమ్ముకునే కళాశాలలను అదుపు చేయడానికి ఉమ్మడి పరీక్ష అవసరమన్న వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. ఆ రోగం లేని సంస్థకూ అదే మందు వేయాలా అన్నదే వేలూరు అడిగిన ప్రశ్న. 2020 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు తీర్పు వెలువరిస్తూ, మైనారిటీ సంస్థలకు సైతం నీట్ వర్తిస్తుందని, దీనివల్ల వారి రాజ్యాంగ హక్కులకు భంగం కలగదని స్పష్టం చేసింది.

కేంద్ర ఆరోగ్య శాఖ 2021-22 గణాంకాల ప్రకారం గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండవలసిన స్పెషలిస్టు వైద్యుల్లో సుమారు 80 శాతం మంది కొరత ఉంది. సర్జన్లు, పిల్లల వైద్యుల విషయంలో పరిస్థితి మరీ అధ్వానం. వేలూరులో చేరే విద్యార్థులకు ఇప్పుడు నీట్ ర్యాంకు తప్పనిసరి. మిషన్ ఆసుపత్రుల ప్రతిపాదనపై సీటు పొందినవారు చదువు ముగిశాక రెండేళ్లు అక్కడికి వెళ్లాలన్న షరతును మాత్రం కళాశాల వదులుకోలేదు.