నామినేషన్ దాకా రాని ఎన్నిక

సికింద్రాబాద్ కార్ఖానాలో మాది హార్డ్‌వేర్ దుకాణం. పైపులు, నల్లాలు, మోటార్లు అమ్ముతాం. వాషర్ కోసం వచ్చినవాళ్లు వాషర్ ఒక్కటే కొనుక్కుని పోరు. "అన్నా, మా గల్లీల డ్రైనేజీ పొంగుతున్నది, ఆఫీసుల నువ్వే చెప్పరాదే" అంటారు. అట్లా అర్జీలు రాయడం, నలుగురిని వెంటేసుకుని కంటోన్మెంట్ బోర్డు ఆఫీసుకు పోవడం నాకు అలవాటైంది. 2023 ఫిబ్రవరి 17న బోర్డు ఎన్నికలు ప్రకటించగానే, వార్డుకు నువ్వే నిలబడాలన్నారు. సరేనన్నాను.

సికింద్రాబాద్ మొత్తం హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ కిందే ఉందని బయటివాళ్లు అనుకుంటారు. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న ఈ లష్కర్‌లో పెద్ద భాగం ఇప్పటికీ రక్షణ శాఖ చేతిలోనే ఉంది. బోయిన్‌పల్లి, రసూల్‌పురా, పికెట్, తిరుమలగిరి, బొల్లారం అన్నీ కంటోన్మెంటే. 2011 జనగణన ప్రకారం ఇక్కడి జనం 2.17 లక్షలు. 2006 నాటి కంటోన్మెంట్ల చట్టం ప్రకారం బోర్డు అధ్యక్షుడు సైనికాధికారి. ఆయన పక్కన కేంద్రం పంపిన సీఈఓ ఉంటారు. మేం ఓటేసి పంపేది ఎనిమిది వార్డులకు ఎనిమిది మందిని, వాళ్లలో ఒకరు ఉపాధ్యక్షులవుతారు. గెలిచినా బోర్డులో మాది సగం బలమే. అయినా ఆ సగం ఉంటే పొంగిన డ్రైనేజీ గురించి మీటింగులో నిలబడి అడిగే మనిషి ఒకడు ఉంటాడు.

ప్రచారం సంగతి అటుంచి ముందు ఓటర్ల జాబితా తెచ్చుకుని చూశాను. మా కౌంటర్ ముందు రోజూ నిలబడే మొహాలు ఎన్నో అందులో లేవు. మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీ కంటోన్మెంట్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును పట్టుకుని, రక్షణ భూముల్లో అనుమతి లేకుండా ఇళ్లు కట్టుకున్నవాళ్లను జాబితాల నుంచి తీసేశారు. ఇక్కడ పోయిన ఓట్లు వేలల్లో ఉన్నాయి. ఆ బస్తీల్లో రెండు మూడు తరాలుగా ఉంటున్నవాళ్లున్నారు. ఎమ్మెల్యేను ఎన్నుకోవచ్చు, ఎంపీని ఎన్నుకోవచ్చు, ఇంటి ముందు మోరీ బాగుచేయించాల్సిన వార్డు మెంబరును మాత్రం ఎన్నుకోకూడదు! "మరి నీకెట్ల ఓటెయ్యాలె బిడ్డా?" అని ఒక పెద్దమ్మ అడిగింది. నాకు ఓటు వెయ్యలేనివాళ్ల కోసమే నేను ఎక్కువ అర్జీలు రాశాను.

పోలింగ్ ఏప్రిల్ 30న అన్నారు. కరపత్రం రాసి పెట్టుకున్నాను, ప్రెస్‌కు ఇవ్వలేదు. అది మంచిదే అయింది. నామినేషన్లు మొదలుకాకముందే, మార్చి 17న, దేశంలోని 57 కంటోన్మెంట్లకూ ఇచ్చిన ఎన్నికల ప్రకటనను కేంద్రం వెనక్కి తీసుకుంది. మేం చివరిసారి ఓటేసింది 2015 జనవరిలో. ఆ సభ్యుల గడువు, పొడిగింపులతో కలిపి, 2021లో ముగిసింది. ఆ తర్వాత అధ్యక్షుడు, సీఈఓ, ప్రభుత్వం నామినేట్ చేసిన ఒక్క పౌరుడు, ఈ ముగ్గురే బోర్డు. ఎనిమిది వార్డుల గోడు ఆ ఒక్కరు ఎక్కడని వింటారు?

ఓటేసే అవకాశం ఉన్నచోట ఇంకో కథ. మేం సరుకు తెచ్చేది రాణిగంజ్ నుంచి, అది జీహెచ్‌ఎంసీ. 2020 డిసెంబర్ 1న అక్కడ పోలింగ్. ఓటేసింది 46.55 శాతమే. సగం మందికి పైగా ఇంట్లోనే కూర్చున్నారని తెలిసి ఒళ్లు మండింది నాకు.

ఇప్పుడు మా కంటోన్మెంట్‌ను జీహెచ్‌ఎంసీలో విలీనం చేసే మాట నడుస్తున్నది. హిమాచల్‌లోని ఖాస్ యోల్‌ను 2023లోనే కంటోన్మెంట్ నుంచి తప్పించారు. సికింద్రాబాద్‌తో సహా కొన్ని కంటోన్మెంట్లలో పౌరులుండే ప్రాంతాలను రాష్ట్రాలకు అప్పగించే పద్ధతిపై 2024 జూన్‌లో రక్షణ శాఖ లేఖ రాసింది. నాకు విలీనమే కావాలి. కానీ అదే జరిగితే పోటీ పార్టీ టికెట్ల మధ్య. 2020లో జీహెచ్‌ఎంసీ అభ్యర్థి ఖర్చుకు పెట్టిన హద్దు అయిదు లక్షలు. నా దుకాణంలో అంత సరుకు ఉంటుంది, అంత నగదు ఉండదు. మా ఆవిడ ఈ లెక్క నాకంటే ముందే వేసింది. "నిలబడితే నిలబడు, దుకాణం మీద అప్పు మాత్రం చెయ్యకు" అన్నది. కరపత్రంలో మొదటి మాట, బస్తీ ఇళ్లకు నంబర్లు, ఓట్లు ఇప్పించాలన్నది. ఎన్నిక ఏ గొడుగు కింద వచ్చినా ఆ మాట మార్చను.