తాతయ్య ఫోటోలోని విమానం

మా ఇంట్లో ఒక పాత ఫోటో ఉంది. మా తాతయ్య, అంటే మా అమ్మ నాన్నగారు, ఖాకీ నిక్కరు తొడుక్కుని, పైనొక జత క్రిందొక జత రెక్కలున్న చిన్న విమానం ప్రక్కన నిలబడి నవ్వుతూంటారు. రెండవ ప్రపంచయుద్ధం రోజుల్లో హైదరాబాదు బేగంపేటలో పైలట్లకు తొలి పాఠాలు నేర్పే వైమానిక పాఠశాల ఉండేది. అక్కడ విమానాల రెక్కలకు గుడ్డ కట్టే పని ఆయనది. ఫోటోతోబాటు మాకొక కథకూడా వారసత్వంగా వచ్చింది. ఆ విమానం బర్మా వెళ్ళి జపానువాళ్ళతో పోరాడిందట!

తాతయ్య శతజయంతికి అమ్మ ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించ తలపెట్టింది. ఫోటో క్రింద వేయవలసిన మాటలుకూడా వ్రాసి ఉంచింది: "బర్మా యుద్ధంలో పోరాడిన విమానంతో నాన్నగారు."

"తెలుగు మేష్టారివి గదా నాయనా, ఒకసారి తప్పులు దిద్దిపెట్టు" అంది.

అక్షరదోషాలు లేవు. విషయం నిజమేనా అన్న అనుమానం మాత్రం నన్ను పట్టుకుంది.

"ఇన్నాళ్ళూ తాళపత్రాలు, ఇక విమానాలు కాబోలు!" అని మా ఆవిడ నవ్వింది. రెండూ ఒకే పని అని నాకు తరువాత తెలిసివచ్చింది.

విమానం పేరు టైగర్ మాత్. ఇంగ్లండులో డీ హావిలాండ్ కంపెనీ తయారుచేసిన ఈ విమానం 1931 అక్టోబరులో మొదటిసారి ఎగిరింది. మాత్ అంటే రాత్రివేళ దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగు. కంపెనీ అధిపతి జెఫ్రీ డీ హావిలాండ్‌కు కీటకాలంటే మక్కువ. అందుకే ఆ పేరు. ఇంజను బలం 130 గుర్రాలు. ముందొకరు, వెనుకొకరు కూర్చోవాలి. రెక్కల లోపల కొయ్య, పైన నారగుడ్డ. ఆ గుడ్డమీద డోపు అనే పూత పూస్తే, ఆరేకొద్దీ బిగిసి మద్దెల మూతలా మ్రోగుతుంది. ఇంజను అంటుకోవాలంటే ఒక మనిషి ముందు నిలిచి చేత్తో పంకా త్రిప్పాలి. తాతయ్య మమ్మల్ని వరుసగా కూర్చోబెట్టి, "కాంటాక్ట్!" అని అరిచి, గాలిలో చెయ్యి త్రిప్పి చూపించేవారు.

ఇటువంటివి ఎనిమిదివేలకు పైగా తయారయినాయి. వాటిలో మాది ఏది?

మనిషికి పేరు ఉన్నట్టు ప్రతి బ్రిటిష్ సైనిక విమానానికీ ఒక నంబరు ఉండేది. శత్రువు లెక్క కట్టకుండా మధ్యమధ్య కొన్ని నంబర్లు కావాలనే వదిలివేసేవారు. మా ఫోటోలో నంబరు కనబడుతూనే ఉంది గాని చివరి అంకె తాతయ్య మోచేతి నీడలో పడింది. 3 కావచ్చు, 8 కావచ్చు. పురుగు తిన్న తాటాకుమీద 'ప'యో 'ష'యో తేలక రాత్రులు గడిపినవాణ్ణి నేను. అటువంటప్పుడు చేసే పనే ఇక్కడా చేశాను. రెండు పాఠాలూ దగ్గర ఉంచుకుని ఇతర ఆధారాలతో పోల్చాను.

బ్రిటిష్ వైమానిక దళంవారు ఒక్కొక్క విమానానికి ఒక్కొక్క కార్డు పెట్టేవారు. దాన్ని ఫారం 78 అంటారు. విమానం ఏ తేదీన ఎవరి చేతికి వెళ్ళిందో అందులో వ్రాస్తారు. లండన్ హెండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఆ కార్డులు భద్రంగా ఉన్నాయి. రెండు నంబర్ల కార్డులకూ నకళ్ళు తెప్పించాను. 8 నంబరుది ఇంగ్లండు దాటలేదు. 3 నంబరుదాన్ని ఓడ ఎక్కించి ఇండియాకు పంపారు. మోచేతి నీడలోని అంకె 3 అని తేలిపోయింది.

అయితే ఓడ దిగగానే కార్డు మూగవోయింది. సముద్రం దాటిన విమానాల కార్డుల్లో తరచు దేశం పేరు, తేదీ తప్ప మరేమీ ఉండవు. అమ్మ కథను కాదనడానికీ లేదు. బర్మా రంగంలో కొన్ని టైగర్ మాత్‌లు పనిచేసిన మాట నిజమే. వీపుమీద మూతలాగా కోసి, గాయపడిన సైనికుణ్ణి లోపల పడుకోబెట్టి తీసుకువచ్చేవారు.

మిగిలినవి పైలట్ల లాగ్‌బుక్కులు. ఎక్కిన ప్రతిసారీ తేదీ, విమానం నంబరు, ఎగిరిన కాలం పైలటు తన చేత్తో వ్రాసుకోవాలి. బేగంపేటలో చదువుకున్నవారి కుటుంబాలకోసం తెలిసినవారినల్లా అడిగాను. నాలుగు పుస్తకాలు చూడనిచ్చారు. వాటిలో మూడింట 1943 నుంచి 1945 దాకా మా నంబరు మళ్ళీ మళ్ళీ వచ్చింది. ప్రతిసారీ బేగంపేటే. మా విమానం బర్మా మొహం చూడలేదు.

ఆ మూడింటిలో ఒకటి మా కాలేజీలోని సహాధ్యాపకురాలి పెదనాన్నగారిది. అందులో ఒక పుటలో మా నంబరుకు ఎదురుగా, గురువు పేరుండవలసిన చోట "సెల్ఫ్" అనీ, ప్రక్కన "సోలో" అనీ ఉంది. వ్యవధి పది నిమిషాలు. ఆయన జీవితంలో ఒంటరిగా గాలిలోకి లేచిన మొదటి పది నిమిషాలవి. నాలుగు పుటలు త్రిప్పితే హరికేన్ యుద్ధవిమానాలు, ఆ తరువాత బర్మా. ఆయన క్షేమంగా తిరిగివచ్చి మనుమలను ఎత్తుకున్నారు.

ఆ రాత్రి అమ్మకు ఎలా చెప్పాలో తెలియక చాలాసేపు వరండాలో కూర్చున్నాను. చివరకు ఉన్నదున్నట్టు చెప్పాను.

"అయితే మా నాన్న అబద్ధమాడాడంటావా?" అంది.

"లేదమ్మా. ఆ విమానం నేర్పిన చదువే బర్మా వెళ్ళింది. తాతయ్య అదే చెప్పి ఉంటారు. మనం విమానమే వెళ్ళిందనుకున్నాం."

అమ్మ ఏమీ అనలేదు. లాగ్‌బుక్కు నకలులో ఆ ఒక్క పంక్తిమీద వ్రేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది. ఆ పది నిమిషాలూ ఆ కుర్రవాణ్ణి మోసినది తాతయ్య కట్టిన గుడ్డే అయి ఉండవచ్చు.

మరునాడు పొద్దున్న కాఫీ గ్లాసుతోబాటు ఒక కాగితం నా చేతికిచ్చింది. పాత మాటలు కొట్టివేసి, క్రింద కొత్తగా వ్రాసింది:

"ఈ విమానం యుద్ధానికి వెళ్ళలేదు. వెళ్ళినవాళ్ళకు ఎగరడం నేర్పింది. దాని రెక్కలకు గుడ్డ కట్టినవారు మా నాన్నగారు."

దిద్దడానికి అందులో నాకు ఒక్క తప్పూ కనబడలేదు.