పని పోతే నేరం పెరుగుతుందా? మీకు తెలుసా?

పనీపాటా లేనివాడు ఏదో ఒక రోజు దొంగవుతాడని తేలిగ్గా అనేస్తుంటారు. ఉద్యోగం పోయిన బాధ చాలదన్నట్టు ఆ మనిషి ఈ అనుమానాన్నీ మోయాలి. నూట యాభై ఏళ్లకు పైగా సాగుతున్న పరిశోధనల్లో తేలిన సంగతులు చూస్తే అలా అనడానికి నోరు రాదు.

1. ధాన్యం ధర, దొంగతనం
జర్మన్ గణాంకవేత్త గియోర్గ్ ఫాన్ మాయర్ 1867లోనే బవేరియాలో రొట్టెలకు వాడే రై ధాన్యం ధరలనూ దొంగతనం కేసులనూ పోల్చి చూశారు. రెండూ కలిసే పెరిగాయి. 2006లో ముగ్గురు ఆర్థికవేత్తలు ఆ కాలపు లెక్కలను వానల వివరాలతో కలిపి మళ్లీ పరిశీలించారు. రై ధర పెరిగినప్పుడు దొంగతనాలు పెరిగినా, కొట్లాటలు మాత్రం తగ్గాయి! బీరు కూడా ప్రియమై తాగుడు తగ్గడమే కారణం కావచ్చని వారి అంచనా.

2. పార్కింగ్‌లో పుట్టిన సిద్ధాంతం
కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థిని పరీక్షించడానికి వెళ్తూ ఆర్థికవేత్త గ్యారీ బెకర్‌కు ఆలస్యమైంది. డబ్బు కట్టి పార్కింగ్ స్థలంలో కారు పెట్టాలా, జరిమానాకు తెగించి వీధిలోనే ఆపాలా అని లెక్క వేసుకుని, వీధిలోనే ఆపారు. జరిమానా పడలేదు. నేరం చేసేవాళ్లూ ఇలాగే లాభనష్టాలు బేరీజు వేసుకుంటారా అన్న ఆలోచన 1968లో ప్రసిద్ధ వ్యాసమైంది. 1992లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఈ లెక్క ప్రకారం, పని లేనివాడికి నేరం వల్ల పోయేది తక్కువ.

3. ఇంట్లో మనిషి ఉంటే
నిరుద్యోగం నేరాన్ని పెంచడమే కాదు, తగ్గించగలదు కూడా అని 1985లో క్యాంటర్, ల్యాండ్ అనే సామాజిక శాస్త్రవేత్తలు వివరించారు. పని లేనివాళ్లు ఇంటిపట్టునే ఉంటారు. తాళం వేసిన ఇళ్లు తగ్గితే దొంగకు అవకాశమూ తగ్గుతుంది.

4. తలకిందులైన అంచనా
2009 అక్టోబరులో అమెరికాలో నిరుద్యోగం 10 శాతానికి చేరింది. నేరాలు పెరగడం ఖాయమని చాలామంది భయపడ్డారు. ఎఫ్‌బీఐ లెక్కల్లో మాత్రం ఆ ఏడాది హింసాత్మక నేరాలు 5.3 శాతం, ఆస్తి నేరాలు 4.6 శాతం తగ్గాయి.

5. భృతి అందినంత కాలం
2022లో వెలువడిన బ్రెజిల్ అధ్యయనం ప్రకారం, మూకుమ్మడిగా తొలగించిన ఉద్యోగులు నేరాల్లో చిక్కుకునే అవకాశం సగటున 23 శాతం పెరిగింది. నూటికి 23 మంది నేరస్తులయ్యారని దీనర్థం కాదు. అసలే చిన్నదైన సంఖ్య ఆ మేర పెరిగింది. వారితో కలిసి ఉంటున్న కొడుకుల మీదా ప్రభావం పడింది. నిరుద్యోగ భృతి అందినవారిలో ఆ పెరుగుదలకు అడ్డుకట్ట పడింది. భృతి ఆగిపోగానే ఆ రక్షణా పోయింది.

6. ఎనిమిది వారాల కొలువు
2012 వేసవిలో షికాగోలో, హింస ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లోని 13 బడుల నుంచి 1,634 మంది పిల్లలు ఒక ఉపాధి పథకానికి దరఖాస్తు చేశారు. ఎవరికి పని ఇవ్వాలో లాటరీ తీశారు. వారానికి 25 గంటలు, గంటకు 8.25 డాలర్లు. కొందరు తోటపని చేశారు, కొందరు వేసవి శిబిరాల్లో చిన్నపిల్లలను చూసుకున్నారు. ప్రతి ఒక్కరికీ మంచీచెడూ చెప్పే పెద్దవాళ్లు తోడున్నారు. లాటరీ తగలని పిల్లలతో పోలిస్తే, 16 నెలల్లో వీరిలో హింసాత్మక నేరాల అరెస్టులు 43 శాతం తక్కువ. ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం పని ముగిశాకే కనిపించిందని సారా హెల్లర్ పరిశోధన తేల్చింది. అంటే ఆ కొలువు పిల్లలను వేసవి గడిచేదాకా తీరిక లేకుండా ఉంచడంతోనే సరిపెట్టలేదు.

7. మూసుకునే తలుపులు
నేరం వల్ల నిరుద్యోగమూ వస్తుంది. అమెరికాలోని మిల్వాకీలో సామాజిక శాస్త్రవేత్త దేవా పేజర్ చదువులో, అనుభవంలో సమానమైన యువకులను 350 సంస్థలకు ఉద్యోగార్థులుగా పంపారు. జైలుకెళ్లొచ్చానని చెప్పిన తెల్లవారికి 17 శాతం చోట్ల పిలుపొచ్చింది. ఏ మచ్చా లేని నల్లవారికి 14 శాతమే!

8. మన బండ్లపల్లి
ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. వానలు ముఖం చాటేసిన తర్వాత మావోయిస్టు ప్రాంతాల్లో హింస పెరగడం అంతకుముందు కనిపించేది. ఈ పథకం వచ్చాక ఆ లంకె తెగిపోయిందని ఆర్థికవేత్త తీమో ఫెట్జర్ చూపించారు. కాబట్టి కరువు పని కూలి సకాలంలో చేతికందడం శాంతిభద్రతల విషయం కూడా. పోలీసు ఠాణాకు నిధులిచ్చేటప్పుడు చూపే శ్రద్ధ కూలి బకాయిలు తీర్చడంలోనూ చూపాలి.